మైపాడు దారిలో చేపలు కోసిపెట్టే కొట్టు: ఏ నీటి చేపకు ఆ వైద్యం

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు వెళ్ళే దారిలో, బకింగ్‌హాం కాలువ ఇంకా దాటకముందే, తాటాకు పందిరి కింద చేపలు శుభ్రం చేసి కోసిపెట్టే ఒక కొట్టు ఉంది. దానికి బోర్డు లేదు. అక్కడ చేపలు అమ్మరు. గాలం వేసి పట్టుకున్నవాటిని మనమే తీసుకెళ్ళాలి. వాళ్ళు పొలుసు తీసి, కడిగి, ముక్కలు కోసి ఇస్తారు, అడిగితే అక్కడే దాకలో పులుసు కూడా పెట్టి ఇస్తారు. చేపలు కోసేవాళ్ళు నెల్లూరులో ఏ మార్కెట్టుకు వెళ్ళినా దొరుకుతారు. అయినా పనిగట్టుకుని ఈ కొట్టు గురించి రాస్తున్నానంటే, చేప మీద కత్తి పెట్టే ముందు వాసన చూసి, ఆ వాసనను బట్టి దానికి ఏం చేయాలో నిర్ణయించుకునేవాళ్ళను నేను ఇక్కడే చూశాను.

నీచు అని అందరూ ఒక్కసారిగా తోసిపుచ్చే దానిలో వేర్వేరు వాసనలు కలిసి ఉంటాయని గాలం వేసే అలవాటు ఉన్నవాళ్ళకు అనుభవం మీద తెలుస్తుంది. బతికున్న చేప ఒంటి మీది జిగురుకు ఒక వాసన ఉంటుంది. అది పెరిగిన నీటిది ఇంకొకటి, తిన్న మేతది మరొకటి, చచ్చిపోయిన తరువాత పుట్టేది పూర్తిగా వేరొకటి. ఇవి పుట్టే కారణాలు వేరు గనుక పోగొట్టే దారులు కూడా వేరు. అన్నిటికీ కలిపి గుప్పెడు ఉప్పు, చెంచా పసుపు వేసి రుద్దేస్తే కొన్ని పోతాయి, కొన్ని అలాగే ఉండిపోతాయి, పోకూడనివి కూడా ఒకటి రెండు పోతాయి.

ఈ కొట్టు ఉన్న చోటు కూడా ఈ తేడాలన్నీ ఒకేచోట కనబడే చోటు. ఇటువైపు చెరువుల్లో బొచ్చెలు, శీలావతులు, కొరమీన్లు పడతాయి. పెన్నలో నీళ్ళున్న కాలంలో ఇసుకదొందులు, వాలుగలు, బొమ్మిడాయిలు వస్తాయి. కాలువలో సముద్రపు పోటుతో ఉప్పునీరు ఎక్కి దిగుతుంటుంది కాబట్టి అక్కడ పండుగప్పలు, మడవలు, పాలబొంతలు తిరుగుతాయి. ఇంకొంచెం ముందుకు పోతే మైపాడు ఒడ్డున గొరకలు, మాగలు, సముద్రపు జెల్లలు గాలానికి చిక్కుతాయి. సోమశిల, కండలేరు జలాశయాల దాకా వెళ్ళి పట్టుకొచ్చేవాళ్ళు కూడా ఆదివారాల్లో ఇక్కడ కనబడతారు. అన్ని రకాల నీళ్ళ చేపలు ఒకే కత్తిపీట ముందుకు వచ్చే చోటు మా జిల్లాలో ఇంకోటి నాకు తెలియదు.

కత్తిపీట దగ్గర కూర్చునేది కొట్టు నడిపే ఆయన తల్లి. గాలం వేసే కుర్రాళ్ళంతా ఆమెను పెద్దమ్మా అని పిలుస్తారు. చేప చేతికి ఇవ్వగానే ఆమె చేసే మొదటి పని బొటనవేలితో మొప్ప డిప్పను పైకెత్తి ముక్కు దగ్గర పెట్టుకోవడం. ఆ తరువాత కడుపు కింది భాగాన్ని వేలితో రాసి, ఆ వేలు విడిగా వాసన చూస్తారు. అప్పుడు అడుగుతారు: “యాడ పట్టినావబ్బయ్యా, చెరువులోనా, కాలవలోనా?” అడగడం అయితే అడుగుతారుగానీ జవాబు ఆమెకు అప్పటికే తెలిసిపోయి ఉంటుందని నా నమ్మకం. ఒక కుర్రాడు పెన్నలో పట్టానని చెప్పిన జిలేబీ చేపను ఆమె వాసన చూసి, “ఇది ఏటిది కాదులే, కదలని నీళ్ళది” అని పక్కనపెట్టడం నేను దగ్గరుండి చూశాను. ఆ కుర్రాడు కాసేపటికి అది ఊరి చెరువుదేనని ఒప్పుకున్నాడు.

చెరువు చేప మట్టి వాసనకు మూలం మట్టి కాదు. నిలవ నీటిలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు, అడుగు బురదలోని కొన్ని సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని, దానితోపాటు మిథైల్ ఐసోబోర్నియోల్ అనే మరొకదాన్ని తయారు చేస్తాయి. తొలకరి వాన పడగానే నేల నుంచి లేచే వాసన కూడా ఈ జియోస్మిన్‌దే. అక్కడ హాయిగా అనిపించేది చేప ముక్కలో తగిలితే ముద్ద దిగదు. ఇది నీటిలో నుంచి మొప్పల ద్వారా చేప ఒంట్లోకి వెళ్ళి కొవ్వులో నిలవ ఉంటుంది. అత్యల్ప మోతాదులో ఉన్నా మనిషి ముక్కు దాన్ని పట్టేస్తుంది. కొవ్వులో దాగిన పదార్థం గనుక ఎన్ని బిందెల నీళ్ళు పోసి కడిగినా అది పోదు. ఎండాకాలంలో నీరు తగ్గి, పాచి పేరుకున్న చెరువుల్లో పట్టిన చేపకు ఈ వాసన ఎక్కువగా ఉంటుంది. కొత్తనీరు చేరి కొన్నాళ్ళయ్యాక పట్టినదానికి తగ్గుతుంది.

పెద్దమ్మ పనితనం నాకు బాగా తెలిసింది ఇక్కడే. చెరువు చేప అని తేలితే ఆమె కడుపు కింద పల్చగా, కొవ్వుగా ఉండే అంచును కోసి తీసేస్తారు. పక్క గీత వెంబడి ఉండే ముదురు ఎరుపు కండను కత్తి మొనతో గీరేస్తారు. వాసన మరీ ఎక్కువగా ఉంటే చర్మం కూడా ఒలిచేస్తారు. జిలేబీ చేపలోనూ, కాలువ మడవలోనూ కడుపు లోపల నల్లటి పొర ఒకటి ఉంటుంది. దాన్ని పాత గుడ్డతో రుద్ది, తెల్లగా అయ్యేదాకా వదలరు. ఆ తరువాత వెన్నెముకను అంటుకుని ఉండే నెత్తురు గడ్డను వేలిగోటితో లాగేస్తారు. మార్కెట్టులో తొందర మీద కోసేవాళ్ళు ఈ పనుల్లో ఒక్కటి చేసినా గొప్పే. చేపను ప్రాణంతో తెస్తే ఇంకో మార్గం కూడా చెబుతారు: ఇంటి దగ్గర తొట్టి ఉంటే మేత వేయకుండా మంచినీళ్ళలో కొన్ని రోజులు వదిలి, నీళ్ళు మారుస్తూ ఉండమంటారు. చేపల పెంపకంలో కూడా పట్టుబడికి ముందు ఇదే పద్ధతి పాటిస్తారు. ఒంట్లో చేరిన జియోస్మిన్ నెమ్మదిగా నీటిలోకి వెళ్ళిపోవడానికి అంతకన్నా నమ్మకమైన ఉపాయం లేదు.

కొరమీను విషయం కొంత వేరు. అది గాలి పీల్చగల చేప కాబట్టి తడిగోనెలో చుట్టి తెచ్చినా కొట్టు చేరేదాకా బతికే ఉంటుంది. అందువల్ల దానికి చచ్చిన చేప వాసన పుట్టే అవకాశమే తక్కువ. దాని వాసనంతా ఒంటి జిగురులో ఉంటుంది. పొలుసు లేని వాలుగకు, జెల్లకు, మార్పు చేపకు, ఒళ్ళంతా జారిపోయే బొమ్మిడాయికి కూడా జిగురే ముఖ్యం. పట్టుకున్నప్పుడు అరచేతికి అంటుకునే ఆ జిగురును రెండు వేళ్ళ మధ్య రుద్ది చూస్తే, వాలుగది ఘాటుగా, కాస్త పచ్చి నెత్తురు కలిసినట్టు ఉంటుంది. బొమ్మిడాయిది తడిసిన నాచు వాసన. పెన్న ఇసుకలో పెరిగినదైతే అది కూడా పెద్దగా ఉండదు. ఇక్కడ వాటిని పొయ్యి బూడిద పులిమి గరుకు బండ మీద రుద్దుతారు. బూడిద జిగురును పీల్చుకుని పొరగా ఊడివస్తుంది. చాలామంది ఇంట్లో వేణ్ణీళ్ళు పోస్తారు. ఈ కొట్టులో ఆ పద్ధతి లేదు. పెద్దమ్మ చన్నీళ్ళు తప్ప వాడరు. బూడిద తరువాత కల్లుప్పు, ఆ తరువాత చింతపండు పిప్పి, చివర మళ్ళీ చన్నీళ్ళు, ఈ వరస ఎప్పుడూ తప్పదు.

ఇసుకదొందుల గురించి మాత్రం నా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతాను. పారే నీటిలో, ఇసుక మీద పెరిగిన ఆ చిన్న చేపకు చెప్పుకోదగ్గ నీచే లేదు. దాన్ని ఉప్పు, చింతపండు వేసి తోమడం అనవసరం. పెద్దమ్మ కూడా పొట్ట తీసి, ఒక్కసారి కడిగి ఇచ్చేస్తారు.

నిజానికి అప్పుడే నీటిలోంచి తీసిన మంచి చేపకు ఉండేది ఆకుపచ్చని వాసన. కీరదోసను తరిగినప్పుడు వచ్చే వాసనకు అది చాలా దగ్గరగా ఉంటుంది. చేప చర్మంలోనూ మొప్పల్లోనూ ఉండే లైపాక్సిజనేజ్ అనే ఎంజైములు, దాని కొవ్వులోని ఆమ్లాలను విడగొట్టినప్పుడు ఆరు, ఎనిమిది, తొమ్మిది కార్బన్ల చిన్న పదార్థాలు పుడతాయి. కీరదోసకు ఆ వాసన ఇచ్చేవి కూడా ఆ కోవకు చెందిన తొమ్మిది కార్బన్ల పదార్థాలే. అవి సముద్రపు చేపల్లో కన్నా మంచినీటి చేపల్లో ఎక్కువగా కనబడతాయి. కొన్ని దేశాల్లో ఈ సువాసన పేరుతోనే చేపలను గుర్తుపడతారు. యూరప్ నదీముఖాల్లో దొరికే స్మెల్ట్ అనే చిన్న చేప చేతిలోకి తీసుకోగానే కీరదోస వాసన వేస్తుంది. జపాన్ ఏరుల్లో రాళ్ళ మీది నాచు మేసే ఆయు చేపకు కీరదోస, పుచ్చకాయ కలిసిన పరిమళం ఉంటుందని అక్కడివాళ్ళు ఎంతో మక్కువగా తింటారు. ఇంగ్లండు వంటి చోట్ల చల్లటి పారే నీళ్ళలో గాలం వేసేవాళ్ళు గ్రేలింగ్ అనే చేపను థైమ్ ఆకు వాసనతో పోలుస్తారు. ఆ ఆకులోని థైమాల్ మన వాములో కూడా ఉంటుంది కాబట్టి ఆ వాసనను ఊహించుకోవడం మనకు కష్టం కాదు. మన పెన్న చేపల్లో ఇంత స్పష్టంగా ఆ పరిమళం వెదజల్లేది నాకు తారసపడలేదుగానీ, తెల్లవారుజామున పట్టిన శీలావతి మొప్పల దగ్గర ఆ పచ్చి వాసన కాసేపు తప్పకుండా ఉంటుంది. ఎండ ఎక్కేసరికి అది మాయమవుతుంది. ఈ కొట్టులో అటువంటి చేపకు మసాలా పట్టించకుండా విడిగా ఆకులో చుట్టి ఇస్తారు. ఆ ఒక్క మర్యాద చూసే నేను అక్కడికి మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాను.

కాలువ చేపల దగ్గరికి వస్తే, ఒకే జాతి చేపకు రెండు వాసనలు ఉండడం ఇక్కడ తరచుగా కనబడుతుంది. అడుగు బురద, పాచి మేసే మడవ కాలువలో పట్టినదైతే కడుపు కోయగానే గుప్పుమంటుంది. అదే మడవ సముద్రపు ఒడ్డున ఇసుక మీద పడితే ఆ బాధ చాలా తక్కువ. పాలబొంత కూడా అంతే. పండుగప్ప మేత వేరు. రొయ్యలు, చిన్న చేపలు వేటాడి తినేది కనుక కాలువలో పట్టినా దాని కండ శుభ్రంగా ఉంటుంది. దానికి కడుపు కోసి, మొప్పలు పీకేస్తే చాలునని ఇక్కడివాళ్ళు అంటారు, నేనూ ఒప్పుకుంటాను.

సముద్రపు చేప నీచుకు కారణం వేరే ఉంది. ఉప్పునీటిలో ఒంటి నీటి సమతూకం నిలుపుకోవడానికి సముద్రపు చేపలు తమ కండలో ట్రైమిథైలమిన్ ఆక్సైడ్ అనే వాసన లేని పదార్థాన్ని దాచుకుంటాయి. చాలా మంచినీటి చేపల్లో అది దాదాపు ఉండదు. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైలమిన్‌గా మారుస్తాయి. మార్కెట్టు గడప తొక్కగానే ముక్కుకు తగిలేది ప్రధానంగా అదే. ఇది క్షార గుణం గలది, నీటిలో కరిగేది. అందుకే కడిగితే కొంత పోతుంది, నిమ్మరసమో చింతపండో తగిలితే లవణంగా మారి గాలిలోకి లేవడం మానేస్తుంది. గాలం వేసి వచ్చినవాళ్ళ చేతులు కూడా నిమ్మచెక్కతో రుద్దితే వాసన పోవడానికి కారణం ఇదే. దీనికి తోడు సముద్రపు చేపల్లో కొన్నిటికి బ్రోమోఫినాల్స్ వల్ల అయొడిన్‌ను తలపించే ఉప్పు కమ్మదనం ఒకటి ఉంటుంది. నాచు, ఇసుక పురుగులు తిన్న చేపలకు అది మేత ద్వారా వస్తుంది. అది పాడైన వాసన కాదు, సముద్రపు చేప రుచిలో భాగం. పెద్దమ్మ కొడుకు మాత్రం దీన్ని కూడా నీచుగానే లెక్కగట్టి, గొరకలను చింతపండు నీళ్ళలో అవసరానికి మించి నానబెడతాడు. ముక్క బయట తెల్లబడి, రుచి చప్పబడి పోతుంది. ఒడ్డున అప్పుడే పట్టిన గొరక తీసుకెళ్ళేవాళ్ళు నానబెట్టవద్దని ముందే చెప్పడం మేలు.

సొర, టేకు చేపలు మరీ ప్రత్యేకం. వాటి కండలో యూరియా ఎక్కువగా ఉంటుంది. చచ్చాక అది విడిపోయి అమ్మోనియా అవుతుంది, కళ్ళు మండే ఆ ఘాటు అదే. పట్టిన వెంటనే నెత్తురు వదిలించి, మంచులో పెట్టి తెస్తే తప్ప ఏ వంటగత్తె చేతిలోనూ అది బాగుపడదు. ఈ కొట్టులో ఆలస్యంగా వచ్చిన టేకును నిర్మొహమాటంగా వెనక్కి ఇచ్చేయడం చూశాను. పట్టుకున్నవాళ్ళకు కోపం వచ్చినా ఆ కచ్చితత్వం నాకు నచ్చింది. మంచి స్థితిలో తెచ్చిన చిన్న సొరను మాత్రం ఉడికించి, తోలు ఊడదీసి, పిండి చేసి ఇస్తారు; ఇంటికి వెళ్ళి ఉల్లిపాయ, వెల్లుల్లి వేసి పిట్టు చేసుకోవచ్చు.

పులుసు గురించి. నెల్లూరు చేపల పులుసులో చిక్కటి చింతపండు రసం, పుల్ల మామిడికాయ ముక్కలు, చివర వేయించిన మెంతిపొడి ఉండడం అందరికీ తెలుసు. ఆ పులుపు రుచి కోసమే అనుకుంటాం కానీ అది వాసన మీద కూడా పనిచేస్తుంది. ట్రైమిథైలమిన్‌ను కట్టేసేదీ అదే, జియోస్మిన్‌ను వాసన లేని రూపంలోకి మార్చేదీ అదే. రాత్రి పెట్టిన పులుసు మర్నాడు ఇంకా బాగుంటుందనే మా ఊరి నమ్మకానికి ముక్కలోకి పులుపు మెల్లగా ఇంకడం ఒక కారణం కావచ్చునని నాకనిపిస్తుంది. మామూలు రోజుల్లో ఇక్కడ చెరువు బొచ్చెకు పులుపు పెంచి, మామిడి ముక్కలు ఎక్కువ వేసి పెడతారు. బొమ్మిడాయిలకు మామిడి తగ్గించి, మెంతిపొడి మరింత వేస్తారు. పండుగప్పకు పలచటి పులుసు పోస్తారు. మూడింటిలో బొమ్మిడాయిల పులుసు బాగా కుదురుతుంది. ముక్క చెదరకుండా, వెన్నెముక దగ్గర కూడా పచ్చివాసన లేకుండా ఉడికి ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం వెళ్తే ఈ శ్రద్ధ కనబడదు. జనం ఎక్కువైనప్పుడు ఒకే పెద్ద దాకలో ఒకే రకం పులుసు కలిపి అన్ని చేపలకూ పోస్తారు. అంతకన్నా పెద్ద లోపం కడిగే తొట్టి. మంచినీటి చేపలకూ, సముద్రపు చేపలకూ ఒకటే తొట్టి, నీళ్ళు మార్చేది ఎప్పుడో ఒకసారి. ఒక ఆదివారం నా ఇసుకదొందులను సొర కడిగిన నీళ్ళలోనే ముంచి తీశారు. ఇంటికి వచ్చాక అసలు వాసనే లేని ఆ చేపల నుంచి అమ్మోనియా ఘాటు వచ్చింది, ఎంత పులుపు వేసినా తినలేకపోయాము. ఇంత ముక్కు ఉన్న మనుషులు రెండో తొట్టి పెట్టకపోవడం నాకు బాధగా ఉంది. ఖర్చు కూడా పెద్దది కాదు. నేను చెప్పాను, పెద్దమ్మ తలూపారు, ఇప్పటికీ తొట్టి ఒకటే ఉంది.

మంచు విషయం ఇంకా ముఖ్యం. మధ్యాహ్నానికి వాళ్ళ దగ్గర మంచు అయిపోతుంది. చెరువు చేపకు అది కొంత నష్టం మాత్రమే. పడవ మీద పోయి పట్టుకొచ్చిన కానాగంతలకు అది ప్రమాదం. ఆ జాతి చేపలు వేడిలో ఉంటే కండలో హిస్టమిన్ తయారవుతుంది. తింటే ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. వండినా అది పోదు. పైగా చేప వాసనకు మామూలుగానే ఉండవచ్చు. అంటే ఈ ఒక్కచోట పెద్దమ్మ ముక్కును నమ్ముకుని లాభం లేదు. కానాగంతలు, సూరలు, వంజరం తెచ్చేవాళ్ళు పట్టిన క్షణం నుంచి మంచులోనే ఉంచాలి, కోసిన తరువాత కూడా తమ పెట్టెలోని మంచులోనే పెట్టుకోవాలి.

శుభ్రం చేసి కోసినందుకు కిలోకు 40 రూపాయలు, చర్మం ఒలవాల్సినవాటికి, బూడిదతో తోమాల్సినవాటికి 60 రూపాయలు తీసుకుంటారు. పులుసు పెట్టినందుకు కిలోకు 150 రూపాయలు; చింతపండు, నూనె, మామిడికాయ అన్నీ వాళ్ళవే. మార్కెట్టులో కోతకు ఇచ్చేదానికన్నా ఇది ఎక్కువే అయినా, చెరువు చేపకు వాళ్ళు పడే శ్రమకు న్యాయమైన ధర. చెరువు, ఏటి చేపలు పట్టేవాళ్ళు మామూలు రోజు ఉదయం పది లోపల వెళ్తే పెద్దమ్మ స్వయంగా కోసిపెడతారు. సముద్రపు చేపలు తీసుకెళ్ళేవాళ్ళు తొట్టిలో కొత్త నీళ్ళు పోయించుకుని, తమ కళ్ళ ముందే కడిగించుకోవాలి.